తిరుగు పడవ

ఉదయం ఆఫీసుకు రాగానే అందరూ చెప్పులు విప్పి కుర్చీ వీపుకు తగిలిస్తారు, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడుస్తారు, ఆ తర్వాతే కంప్యూటర్లు ఆన్ చేస్తారు. పిరమిడ్ల కాలం నాటి ఈజిప్టు మీద వాళ్ళు నడిపే ఆన్‌లైన్ ఆటలోకి నది వచ్చి చేరినప్పటినుంచీ ఇదే వరస. ఆటలో నది పారుతుంటే ఆఫీసులోనూ నీళ్ళు పారతాయి, చీలమండ లోతున, తలుపు వైపునుంచి కిటికీ వైపుకి. మేనేజరుకి ఒక్కటే బాధ, మేజోళ్ళు ఆరడం లేదని.

ఆ నదిలో పడవలు నడిపించే పని ఒకామెకు అప్పగించారు. దాంతో ఆమె పేరు పడవలమ్మాయి అయి కూర్చుంది, నలభై దాటినా సరే.

ఆమె తల్లి ముప్పై ఏళ్ళు రేవులో పడవ నడిపిన మనిషి. వంతెన కట్టాక రేవు మూతపడింది. కూతురింటికి వచ్చింది గానీ పని లేక, మాట లేక, ముద్ద దిగక చిక్కి సగమైంది. ఈ ఆఫీసు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మాత్రం నాలుగు ముద్దలు తినేది. అందుకే కూతురు రోజూ ఆవిడను వెంటబెట్టుకు వచ్చేది, ఇంట్లో అన్నిటికన్నా చిన్న అన్నం డబ్బాతో.

చిక్కు పడవలతోనే వచ్చింది. పోయినవి పోయినట్టే, ఒక్కటీ తిరిగి రాదు. నాలుగొందలమంది ఆటగాళ్ళు నది చివర సముద్రం అంచున నిలబడి తిట్లు పంపుతున్నారు. పడవలమ్మాయి తెడ్ల బలం మూడింతలు పెంచి చూసింది. పడవలు ఉన్నచోటే గింగిరాలు కొట్టాయి.

"శుక్రవారం దాకా చూస్తా," అన్నాడు మేనేజరు. "తర్వాత నది తీసేసి రోడ్డు వేసేద్దాం."

పడవలమ్మాయికి అమ్మ గుర్తొచ్చింది. ఒక నదిని వంతెన మింగింది, ఈ నది కూడా పోతే అమ్మ బతకదు. అమ్మకు చెప్పకుండా గురువారం దాకా నెట్టుకొచ్చి, ఆ మధ్యాహ్నం ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంచి తెర వంక చూసింది. తెరచాపలు పొంగించుకుని పడవలన్నీ దిగువకి పోతున్నాయి.

"గాలి ఎటు వీస్తోందే?"

"నీళ్ళు పారే వైపేనమ్మా. చూడ్డానికి బాగుంటుందని."

"బాగానే ఉంది సంబడం! నీళ్ళూ అటే తోసి, గాలీ అటే తోస్తే మనిషి ఇంటికెలా వస్తాడు? గాలిని ఎదురు తిప్పు. పోయేటప్పుడు చాప దించి నీళ్ళతో పోతారు, వచ్చేటప్పుడు ఎత్తుకుని గాలితో వస్తారు."

"ఆ దేశంలో గాలి నిజంగానే అలా వీస్తుందండీ," అన్నాడు పక్క సీట్లో బొమ్మలు వేసే ఆయన.

"ఇప్పుడా చెప్పేది?" అంది పడవలమ్మాయి.

"నన్నెవరడిగారు?"

ఆమె గాలిని తిప్పింది. కిటికీ వైపునుంచి లేచిన గాలికి కాగితాలు తలుపుదాకా ఎగిరాయి. తెర మీద ఒకటి, పది, వంద పడవలు తిరుగుముఖం పట్టాయి. ఒక ఖాళీ పడవ మాత్రం బల్లల మధ్యకి వచ్చి ప్రింటరు పక్కన ఆగింది. దానికి అడ్డంగా ఉన్న కుర్చీని మేనేజరే పక్కకి లాగాడు. అమ్మ డబ్బా మూతపెట్టి, చేయి కడుక్కుని, పడవెక్కి తెడ్డు అందుకుంది.

"చీకటి పడేలోపు వస్తా," అంది.

కాసేపటికి ఆటలో ఒక రేవు దగ్గర జనం బారులు తీరారు. "తోసుకోకండి, మళ్ళీ వస్తాగా!" అని అమ్మ గొంతు వినిపించింది. ఆ కేక విని ఎన్నేళ్ళయిందో కూతురికే తెలియదు.

ఆరింటికి పడవ ప్రింటరు పక్కకి చేరింది. అమ్మ దిగింది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మధ్యాహ్నం మిగిల్చిన డబ్బా తెరిచి, నిలబడే తినేసింది, అడుగున అంటుకున్న మెతుకుతో సహా.

"ఈ డబ్బా ఏ మూలకే?" అంది అమ్మ. "రేపటినుంచి పెద్దది పెట్టు. పనిలోకి పోవాలి."