బ్యాటరీ తీస్తేగానీ మారని ఆట

నాలుగింటికి నా భార్యకు ఆపరేషన్, కడుపులో గడ్డ. ఆమె నాలుగో అంతస్తులో ఉంది. నేనూ మామగారూ అదే ఆసుపత్రి లిఫ్టులో, రెండుకీ మూడుకీ మధ్య ఇరుక్కున్నాం. మెకానిక్ బయల్దేరాడని పైనుంచి ఎవరో అరిచి అరగంటయింది. నా ఫోన్ ఇంట్లో మరిచిపోయాను. ఉన్నదల్లా, బస్సు డ్రైవరుగా రిటైరైన మామగారికి కూతురు కొనిచ్చిన ఆటల ఫోన్. మాట్లాడాలంటే దాన్ని పక్కకు తిప్పి, అంచును చెవికి ఆనించుకోవాలి. మూడు నెలలుగా అందులో ఒకటే ఆట, కార్ల పందెం.

"ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లే ముందు మళ్లీ ఫోన్ చేస్తా. మీ గొంతులు వినాలి, నాకు భయంగా ఉంది" అని ఆమె ఇందాకే ఈ ఫోన్‌కి చేసి చెప్పింది. భయమన్న మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు.

మామగారికి మూసిన చోటు పడదు. చెమటలు కక్కుతూ తలుపు గుద్దుతున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఊరికే కంగారుపడకండి మామయ్యా. నిన్న కొనిచ్చానుగా, ఆ కొత్త ఆట వేసుకోండి."

నా నోరు పడిపోను! ఆ ఫోన్లో ఆట మార్చాలంటే మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, దాని కింద ఆట కార్డు పెట్టాలి. ఆయన శుభ్రంగా పెట్టారు. ఫోన్ వెలిగి పిన్ అడిగింది.

"పిన్నా? అమ్మాయే పెట్టింది. నేను దీన్ని ఎప్పుడూ ఆపలేదే!"

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నాలుగు కావడానికి పన్నెండు నిమిషాలుంది. ఆయన కూతురు పుట్టిన సంవత్సరం కొట్టారు. తప్పు. నేను మా పెళ్లయిన సంవత్సరం కొట్టాను. తప్పు. మూడోసారీ తప్పితే ఇక సిమ్ పనిచేయదు.

"మొగుడివయ్యుండి ఆ మాత్రం తెలీదా అల్లుడూ?"

"కన్నతండ్రి అయ్యుండి మీకు తెలుసా?"

పైన స్ట్రెచర్ చక్రాల చప్పుడైంది. అప్పుడు ఆయన మెల్లగా అన్నారు.

"'నువ్వు చచ్చినా మర్చిపోనిదే పెట్టా నాన్నా' అంది."

ఇరవై ఏడేళ్లు ఒకటే బస్సు నడిపారాయన. దాని నంబరు కొట్టారు. తెరుచుకుంది. వెంటనే ఆమెకు ఫోన్ చేశారు.

నర్సు ఎత్తింది. లిఫ్టులో ఆ గొంతు నాకూ వినబడింది. "ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారండీ. మీకు మూడుసార్లు చేశారు, స్విచాఫ్ అని వచ్చింది. 'మా నాన్న కొత్త ఆట వేసుకుంటున్నట్టున్నాడు, వేసుకోనీండి' అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు."

మామగారు ఫోన్ అంచు చెవికి అలాగే ఆనించుకుని నిలబడ్డారు. లైను ఎప్పుడో తెగిపోయింది. ఇందాక ఆయన గుద్దిన తలుపును ఈసారి నేను గుద్దడం మొదలుపెట్టాను.