ద్రాక్షరసం మీద ప్రార్థన

"బిరడ ఇరిగింది, జర తీసియ్యి" అంటూ స్వామిదాసు సీసాను వంటింట్లోకి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆ రోజే ఆయన చేవెళ్ల గుడికి పాస్టరయ్యాడు. ముందుగదిలో సంఘం పెద్దలు విందుకు కూర్చున్నారు.

ప్రేమమ్మ బిరడా ముక్కలు ఏరి, ద్రాక్షరసాన్ని పలుచటి బట్టలో వడగట్టింది. వాసన గుప్పుమంది. పెళ్లయిన ఏడాది, మొయినాబాదులో మిషను దొరగారి పందిరి ద్రాక్షలు తెచ్చి ఈ చేతులతోనే పిసికింది. ఇన్నేళ్లూ ఆ సీసాను ఇసుకలో పడుకోబెట్టి కాపాడింది. ముడిమ్యాల నుంచి ఇల్లు మారినప్పుడు కచ్చురం బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. "నేను పాస్టరైననాడు తెరుద్దం. మొదటి గుక్క నీదే" అన్నాడు అప్పట్లో. మరిచిపోయి ఉంటాడు. ఆమె మరవలేదు.

ఆయన భార్యను తిట్టి ఎరగడు. తిట్లన్నీ ప్రార్థనలోనే. "తండ్రీ, ఈ నీ దాసురాలికి కూరల ఉప్పు చూసే బుద్ధియ్యి. మా అవ్వకు ఎదురు చెప్పని నాలుకియ్యి." కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడే మనిషికి ఎట్లా అడ్డుపడేది? పైగా చివర్న ఆమెన్ ఎత్తుకోవలసింది ఆమే. ఆ ఇంట్లో ఇల్లాలు ముందు అంటేనే తక్కినవాళ్లు అందుకునేది, ఆ తరువాతే ముద్ద ముట్టేది. తన మీది ఫిర్యాదుకు తానే వేలిముద్ర వేసినట్టుండేది. ఒళ్లు మండేది. అయినా అనేది.

గ్లాసులు నింపింది. మగవాళ్ల వరకే సరిపోయింది.

"ఎక్కడిదయ్యగారూ, గింత పాతది?" అన్నాడు సంఘం పెద్ద సంగయ్య.

స్వామిదాసు గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఇప్పుడు నా పేరు చెబుతాడు అనుకుంది ప్రేమమ్మ.

"ప్రార్థన చేసుకుందం" అని ఆయన కళ్లు మూసుకున్నాడు. "తండ్రీ, దొరగారి చేత ఈ ద్రాక్షరసం మాకిప్పించినవు. ఇన్నేండ్లు నువ్వే కాపాడినవు. దీన్ని వడ్డించే నీ దాసురాలికి ఆశలేని మనసియ్యి."

అంటే, ఆయనకు గుర్తుంది.

ప్రార్థన అయిపోయింది. తలలు వంచుకుని అందరూ ఆమె కోసం ఆగారు. సంగయ్య దగ్గాడు. స్వామిదాసు ఒక కన్ను తెరిచి, "ప్రేమమ్మా, ఆమెన్ అను" అన్నాడు మెల్లగా.

ఆమె వచ్చి, ఆయన ముందున్న గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది. ఆమెన్ మాత్రం అనలేదు.