పసుపంటిన ఉప్పాడ చీర

శ్రావణమాస మరుదెంచెను. ఆషాఢమెల్ల మొండికెత్తి కురియకుండిన మేఘము లిపుడు కక్షదీర్చుకొనుచున్నట్లు కాకినాడ నగరముపై పగలెల్ల ధారాపాతముగా వర్షించి సాయంకాలమునకు గొంత తెఱపి యిచ్చెను. సముద్రమునుండి వీచు లవణార్ద్రపవనములచే నల్లలనాడుచు తడిసి చిఱిగిన తగ్గింపు ప్రకటనాపటములు వీథివీథిని స్తంభములకు వ్రేలాడుచుండెను. ఒకటి కొన్న నొకటి యూరక యిత్తుమని యొకచోట సగము వెలకే సమస్తమని వేఱొకచోట నేడే కడపటి దినమని మఱియొకచోట. ఔరా! నెల దినములనుండి వ్రేలాడుచున్న యా కడపటి దినమునకు కడ యెన్నడో వర్తకులే చెప్పవలయును. వీథిలోని యంగళ్లు చాలవని సెల్‌ఫోనులలో గూడ నంగళ్లు వెలసినవి. అచ్చట గుమ్మము లేదు గుమాస్తా లేడు మొగము చూచి మాటాడు మానిసియే లేడు. వ్రేలితో నొత్తిన చీర యింటికి వచ్చును మరల నొత్తిన వెనుకకు బోవును. అది పోయి యెవరి కొంప ముంచుచున్నదో యొత్తిన వ్రేలికి దెలియదు.

ఈ పర్యాయము మునిగిన కొంప జగన్నాథపురమునందలి పేరిందేవిది. ఆమె భర్త బ్రదికియున్ననాడు భుజముపై మూటతో నిల్లిల్లు దిరిగి యుప్పాడ నేతగాండ్ర చీర లమ్ముచుండెడివాడు. అతడు కాలధర్మము నొందిన పిమ్మట నా మూట మోయ శక్తి చాలక పేరిందేవి యొక యంతర్జాల విపణియందు తన పేరనే చిన్న యంగడి తెఱచి నేతగాండ్రు నమ్మి చేతికిచ్చిన చీరలకు ఫోటోలు దీసి పెట్టి యమ్ముకొనుచు నొకరి గడప ద్రొక్కకుండ కాలక్షేపము సేయుచుండెను. ఆ యింట నొక కట్టుబాటు గలదు. క్రొత్త చీర కట్టబోవునపుడు చెఱగున నింత పసుపు పెట్టుట మనయాడువారి యలవాటు గదా. ఆ తొలి పసుపు కట్టుకొను నామె చేతిదే కావలయునని యమ్మకపు చీరలున్న గదిలోనికి భార్యాభర్తలు పసుపు పొట్లమునైనను రానిచ్చెడివారు కారు. భర్త పోయిన పిదప తన చీరకును పసుపు పెట్టుకొనుట మానిన యా యిల్లాలికి కూరలో చిటికెడు వేయుట దక్క పసుపుతో నిక నేమి పని?

అట్టి పేరిందేవి యంగడిలోని లేతాకుపచ్చ జాందానీ చీర నొకదానిని విపణివా రామె నడుగనైన నడుగక తమ మహాతగ్గింపు పండుగలో జేర్చి సగము వెలకు గట్టబెట్టిరి. పోనిమ్మని యామె పండ్లబిగువున నోర్చుకొనెను. ఆ చీర యీ శుక్రవారమునాటి యుదయమున మరలి వచ్చినది. విప్పి చూచునప్పటికి కుచ్చెళ్లు పోసినచోట నలిగియున్నది. మడతలలో మల్లెపూవుల వాసన గుప్పుమన్నది. చెఱగు మూలను బొటనవ్రేలంత పసుపు! కొన్న యామె సంతకముతో విపణిలో నెల్లరు చదువునట్లుగా నొక వ్రాతయు వెలసినది: "కట్టి విడిచిన పాత చీర పంపినారు. చెఱగున పసుపు మరక యున్నది. ఈమె మోసగత్తె. ఎవ్వరును కొనవలదు."

దాని వెంటనే విపణివారి తాఖీదు దిగెను. వాడిన చీర నమ్మిన నేరమునకుగాను మీ యంగడి నేటి సాయంకాలము శాశ్వతముగా మూయబడును, కొన్నవారే తమ మాట వెనుకకు దీసికొన్న గాని మఱొక మార్గము లేదు. పేరిందేవి ఫోను చేసెను. మీ పిలుపు మాకు మిక్కిలి ముఖ్యమైనదని యొక యంత్రకంఠము తీయగా బలికి వీణ వాయించి మరల నదే పలికి మరల వీణ వాయించెను. చెప్పుకొనుటకు మానిసి లేని చోట మొఱ యెవనికి బెట్టుకొనవలెను? మోసగత్తె యను మాట యుప్పాడ చేరినచో నిక నే నేతగా డామె చేతిలో చీర పెట్టును? మగడు ముప్పొద్దుల నెండలో దిరిగి నిలువబెట్టిన పేరు ఒక్క పూటలో గంగపాలగుచుండగా నామె కరికాలి మంట నడినెత్తి కెక్కెను. పొట్లముపైనున్న చిరునామా చూచెను. హైమవతి, రామారావుపేట. దూరదేశమేమియు గాదు! చీరను చంకనిడుకొని బయలుదేరెను.

హైమవతమ్మ యింట నావేళ పేరంటము. పీటలపై నాసీనలై పాదములకు పసుపు రాచుకొని ముత్తైదువలు నానబెట్టిన సెనగలు వాయనములు పుచ్చుకొని పట్టుచీరల గరగరలతో ముచ్చటలాడుచుండగా బోసినుదురుతో పేరిందేవి గుమ్మమున నిలిచెను.

"ఎవరమ్మా నీవు? పేరంటపు వేళ నిట్లు వచ్చితివేమి? పని యున్నచో రేపు రమ్ము" అని హైమవతమ్మ మొగము చిట్లించెను.

"రేపటికి నా యంగడి యుండదమ్మా. నేను మోసగత్తె పేరిందేవిని. మీరు పెట్టిన పేరే."

ఇంత మాత్రము పలికి యామె చీర మడత విప్పి పసుపు చెఱగు నందఱి యెదుట బఱచెను. పీటపై గూర్చున్న వృద్ధురా లచ్చియమ్మ కన్నులు చిట్లించి చూచి "అయ్యో రామ! ఇది క్రిందటి శుక్రవారము మా యింటి పేరంటమునకు నీవు గట్టి వచ్చిన చీర గాదటే హైమా? పెద్ద దుకాణమున నిండు వెలకు గొంటినంటివే!" అనెను. ఆమె నొప్పించుటకు బలికినది కాదు. ముదుసలి గనుక చూచినది చెప్పినది. హైమవతమ్మ మొగమున కత్తివాటునకు నెత్తురుచుక్క లేదు.

"లోనికి రమ్ము తల్లీ, ఆ సొమ్మేదో యిచ్చి పంపెదను" అని యామె గొంతు దగ్గించెను. "కట్టి చూచి పంపివేయుట యందఱు జేయునదే గదా. అలవాటు చొప్పున పసుపు పెట్టి మఱచితిని. పసుపు చూచి తీసికొనరేమో యని యొక మాట వ్రాసితిని. కోట్లు గడించిన కంపెనీవారికి ఒక చీర యొక లెక్కా?"

"కంపెనీ యనగా నెవరనుకొంటిరి? నేనే! ఈ మొగమే కంపెనీ! చూడుడు, బాగుగ జూడుడు" అని పేరిందేవి కన్నుల నిప్పులు రాల్చెను. "మీకు బోయిన దేమున్నది? విపణివారికి బోయిన దేమున్నది? మీ సొమ్ము మీకు మరల నిచ్చి దానిని వారు నా లెక్కలో గోసికొందురు, మీరు క్రొత్త చీర కట్టి మెఱసితిరి. పసుపు పెట్టుకొను భాగ్యము లేని చేతితో నేను పసుపు పూసి మీ నెత్తిన రుద్దితినని వ్రాయుటకు మీకు చేయెట్లు వచ్చినది? నన్ను దొంగ యన్న చోటనే నిజము వ్రాయుడు. ఇప్పుడే."

"అందఱు చూతురే! నా పేరేమి కావలెను?"

"నా పేరును అందఱు చూచుచునే యున్నారు."

పీటలపైనున్న వా రెల్లరును హైమవతమ్మ వంకనే చూచుచుండిరి. ఆమె కన్నీరు గ్రుక్కుకొని ఫోను దీసి చీర తానే కట్టితినని, పసుపు తనదే యని, అమ్మినయామె తప్పేమియు లేదని వ్రాసెను. రెప్పపాటున పేరిందేవి చేతిలోని ఫోను గణగణలాడెను. విపణివా రామె యంగడిని మూయుట మానుకొనిరి. తప్పైనదని యొక్క ముక్క లేదు. పైగా "అభినందనలు! రేపటి శ్రావణ మహాతగ్గింపులో మీ చీర లన్నింటిని సగము వెలకు జేర్చితిమి" అని బాణసంచా బొమ్మలు!

పేరిందేవి యది యొకమాఱు చదివెను. ఛీ యనెను. అంగడి మూయుదురా యని యడిగిన చోట నొత్తెను. నిశ్చయమేనా యని యది మరల నడుగగా వ్రేలు నొచ్చునంత గట్టిగా నొత్తెను.

"అయ్యయ్యో! మూసికొనుట కేనా నన్నింత రచ్చకీడ్చితివి?" అని హైమవతమ్మ వాపోయెను.

"దొంగ యని మెడపట్టి గెంటించుకొని పోనని వచ్చితిని. ఇప్పుడు నా యంతట నేను పోవుచున్నాను. రేపు మూట నెత్తికెత్తుకొందును. బరువైన నగును గాక, కొనువారి మొగము నాకు గనబడును, నా మొగము వారికి గనబడును." ఆమె చీరను మడిచి హైమవతమ్మ యొడిలో బెట్టెను. "తొలి పసుపు మీది గనుక చీర మీది. వెల యిండు. నేతగాడు చెప్పిన నిండు వెల. తగ్గింపు లేదు."

హైమవతమ్మ లోనికేగి తెచ్చి యిచ్చెను. పేరిందేవి కొంగున ముడివైచుకొని చల్లారని కోపముతో మరల మొదలైన వానలోనికి దిగిపోయెను. అంగళ్లన్నియు బారలు చాచి బేరములకు బిలుచుచున్న యా సాయంకాలమున నంత పెద్ద పట్టణములో వెల తగ్గక యమ్ముడుపోయిన వస్తు వా పసుపంటిన చీర యొక్కటియే.