పైబండ మీద నుంచి దూకినవాడు

అమావాస్య నాడు నగరిలో మగ్గాలు ఆడవు. ఆ రోజే కుప్పయ్య ఆదిమూలం ఇంటికి భోజనానికి వచ్చాడు. ఇద్దరూ ఒకే నేతవీధిలో పుట్టి పెరిగినవాళ్లు. కుప్పయ్య పటాలంలో చేరి బర్మా పోయాడు. యుద్ధం ముగిసి ఊరు చేరి వారమయింది.

ఆదిమూలం భార్య అక్కమ్మ ఇద్దరికీ సంగటి ముద్దలు వేసి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది.

"రాళ్లగుంత ఇంకా అట్నే ఉండాదా అప్పా?" అన్నాడు కుప్పయ్య.

రైలు వంతెనకు రాళ్లు కొట్టుకుని వదిలేసిన గుంత అది. పుత్తూరు దారిలో కొండ కింద ఉంది. ఎండాకాలంలోనూ అందులో నీళ్లుండేవి. నేతవీధి పిల్లలు మగ్గం దగ్గర నుంచి తప్పించుకుని పోయి అందులో పడేవాళ్లు. గోచీలు తడిస్తే ఇంట్లో తెలిసిపోతుందని వాటిని తంగేడు చెట్ల మీద వేసి, మొలతాడుతో దిగేవాళ్లు.

"బట్టలు తడవకపోయినా మా అమ్మ కనిపెట్టేసేదిమ్మా," అని కుప్పయ్య అక్కమ్మకు చెప్పాడు. "చేతి మీద గోరుతో గీకేది. తెల్లగీత పడిందంటే నీళ్లలో దిగినట్టే, వీపు పగిలిందే. గీత పడకూడదని వీడు ఒకనాడు ఒళ్లంతా ఆముదం పూసుకొని వచ్చినాడు. ఆముదం యాడికి పోయిందని వాళ్లమ్మ కొట్టింది."

అక్కమ్మ నవ్వి, అతనికి ఇంకో ముద్ద వేసింది. ఆమె అతన్ని 'అన్నా' అనే పిలుస్తోంది. అయినా ఆ ముద్ద కుప్పయ్య తింటుంటే ఆదిమూలం గొంతులో అడ్డం పడింది.

"ఒకనాడు ఆ పైబండ మీద నుంచి..."

"సంగటి సల్లారిపోతాది, తిను," అన్నాడు ఆదిమూలం.

అక్కమ్మ పుట్టిల్లు ఆ కొండకు అవతలి పల్లె. పెళ్లికి ముందు మేకలు తోలుకుని వచ్చినప్పుడు, ఎవరో పిల్లవాడు పైబండ మీద నుంచి గుంతలోకి దూకడం చూసింది. దూరానికి మొహం ఆనలేదు. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి చెప్పి, "అది నువ్వేనా?" అని అడిగింది. "నేనే" అన్నాడు ఆదిమూలం. మొగుడి గురించి ఇరుగమ్మలకు ఆమె మొదట చెప్పేది అదే. ఒంటి మీద బట్టల్లేని సంగతి మాత్రం చెప్పదు.

దూకింది కుప్పయ్య.

"పోయి సూసొద్దామా?" అన్నాడు కుప్పయ్య, చెయ్యి కడుక్కుంటూ.

"నేనూ వస్తా," అంది అక్కమ్మ.

ఆదిమూలం ఎండ అన్నాడు, దూరం అన్నాడు. అప్పటికే ఆమె చెప్పులు వేసుకుంది.

గుంతలో పిల్లలు ఈదుతున్నారు. ఆడమనిషిని చూసి గొంతుల దాకా మునిగారు.

"పైకి రాండిరా, నేను సూడనిదేముండాది మీకాడ?" అంది అక్కమ్మ. పిల్లలు ముక్కుల దాకా మునిగారు.

ఆమె తలెత్తి పైబండను చూసింది. "అన్నా, ఈయన దూకింది దానిమీద నుంచేనా?"

ఆదిమూలం కాళ్ల కింది రాయిని చూస్తూ నిలబడ్డాడు. కుప్పయ్య అతని వైపు చూశాడు.

"అవునుమ్మా, వీడే. మాకెవురికీ అంత గుండె లేదు."

గండం గడిచింది. అయినా ఆదిమూలానికి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ తాను దొంగసొత్తులా దాచుకున్నదాన్ని వీడు పాత తువ్వాల ఇచ్చినట్టు ఇచ్చేశాడు. ఇచ్చినా వీడికి ఏమీ తగ్గలేదు.

చొక్కా విప్పి, భుజం మీది తువ్వాలతో సహా అక్కమ్మ చేతికిచ్చి బండలెక్కసాగాడు.

"యాడికయ్యా?"

"దూకతా."

"వద్దప్పా, మగ్గం మనిషివి, చెయ్యికేమన్నా అయితే?" అంటూ కుప్పయ్య వెనకే ఎక్కాడు. ఆ మాట అనకపోతే ఆదిమూలం సగంలో దిగేవాడేమో.

పైనుంచి చూస్తే గుంత చాటంత ఉంది. "దూకు మామా!" అని పిల్లలు అరిచారు. ఆదిమూలం ఒక చేత్తో ముక్కు పట్టుకుని, కళ్లు మూసుకుని దూకాడు. రెండో చెయ్యి పక్కబండకు తగిలింది. నీళ్లు మింగుతూ ఒకసారి పైకి తేలి చూశాడు. కుప్పయ్య గాలిలో ఉన్నాడు. చేతులు ముందుకు చాచి, తల కిందికి పెట్టి వస్తున్నాడు. మునిగిపోతూ కూడా ఆదిమూలం అతని పాదాలనే చూశాడు. రెండూ కలిసి ఉన్నాయి.

కుప్పయ్య ఒడ్డుకు లాగి చూస్తే ఆదిమూలం చెయ్యి విరిగి ఉంది. దారిన పోయే కట్టెలబండిని ఆపి పుత్తూరుకు బయల్దేరారు. అక్కడ ఎముకలకు కట్టు కడతారు. కుప్పయ్య ముందు, బండివాడి పక్కన కూర్చున్నాడు. ఆదిమూలం చేతిని అక్కమ్మ ఒళ్లో పెట్టుకుంది. బండి ఎగిరినప్పుడల్లా చేతిని పైకెత్తి పట్టుకుంటోంది.

ఆ చేతినే చూస్తూ ఆమె అంది. "ఆ పొద్దు నేను సూసినోడు ముక్కు పట్టుకోలేదు."

ఆదిమూలం కళ్లు మూసుకున్నాడు.

"తల కిందికి పెట్టి దూకినాడు."

"ముందే తెలిసుంటే నన్ను చేసుకోకుండా ఉందువా?"

"నన్నెవురు అడిగినారు? మా నాయన మాట్లాడింది మీ నాయనతో."

ఆమె బండి మూల నుంచి ఆదిమూలం తువ్వాల తీసింది. ఒక చేత్తో అతని చెయ్యి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో తువ్వాల ముందుకు చాచింది.

"తల తుడుసుకో అన్నా, పడిశం పడతాది."

కుప్పయ్య తల తుడుచుకున్నాడు. ఆదిమూలం జుట్టు నుంచి నీళ్లు కళ్లలోకి కారుతున్నాయి. కట్టెల మీద పడుకుని, తువ్వాల తిరిగి వస్తుందేమోనని చూస్తున్నాడు. కుప్పయ్య దాన్ని మెడకు చుట్టుకున్నాడు.