మెంతులు ఎంత నల్లబడాలి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఒకరి రుచిని ఇంకొకరి నాలుక మీద దాచిపెడితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే పుష్పలత ఆ పనికి ఒప్పుకునేదే కాదు.

ఆమెది జగిత్యాల. దేశం కాని దేశంలో, పాపకూర అనే ఊళ్లో భర్త శ్రీపతితో కాపురం. అతను గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. పక్క ఫ్లాట్‌లో ఉండే హీరాకాజిది నేపాల్, ఖాట్మండు పక్కనే ఉన్న కీర్తిపూర్. శనివారం కార్‌పార్కులో జరిగే సంతలో డేరా వేసుకుని మోమోలు, చోయిలా అమ్ముతాడు. సాయానికి మనిషి కావాలంటే పుష్పలత కుదిరింది. ఇద్దరి మధ్యా నడిచేది హిందీయే. అతను దీదీ అంటాడు, ఈమె తమ్మీ అంటుంది.

మోమోలదేముంది, పిండి ఒత్తడం వచ్చిన ఎవరైనా చేస్తారు. చోయిలా అట్లా కాదు. మాంసం నిప్పుల మీద కాల్చి, చిన్న ముక్కలు కోసి, అల్లం, వెల్లుల్లి, కారం పట్టిస్తారు. ఆవనూనెలో మెంతులు నల్లగా మాడ్చి, ఆ నూనెను చుయ్యిమని పైన పోస్తారు. అటుకులతో తింటారు. వాళ్ల ఊళ్లో దున్న మాంసంతో చేస్తారట. ఇక్కడ అది దొరకదు గనక గొర్రె. అయినా రుచి మాత్రం మా అమ్మ చేతిదే అనేవాడు హీరాకాజి. ఎందుకనడూ? శుక్రవారం సాయంత్రం తన వంటింట్లో మూకుడు పొయ్యి మీద పెట్టగానే ఫోన్ తీసి తల్లికి చూపించేవాడు. అక్కడ కీర్తిపూర్‌లో ఎండలో కూర్చున్న ముసలమ్మ, ఇంకా నల్లబడాలి, ఇంకా, అని చెయ్యి ఊపేది. ఆ చెయ్యి ఆగినప్పుడే పొయ్యి ఆగేది.

పుష్పలతకు ఆమె మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. చెయ్యి అర్థమయ్యేది. మొదటిసారి తిన్నప్పుడు చేదు తగిలింది, అందులో వేసే తిమూర్ అనే కొండమిరియాల ఘాటుకు నాలుక జివ్వుమని మొద్దుబారింది. ఇదేం తిండి తల్లీ అనుకుంది. నెల తిరిగేసరికి అదే కావాలనిపించింది.

ఆ చలికాలం ముసలమ్మ పోయింది. హీరాకాజి వీసా కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. దేశం దాటితే మళ్లీ రానివ్వరు. ఒక్కగానొక్క కొడుకు తల్లి చితిని అదే ఫోన్‌లో చూశాడు. గుండు చేయించుకుని తెల్లబట్టలు కట్టాడు. ఏడాదిపాటు తెలుపు కట్టడం వాళ్ల ఆచారం. మాంసం మాత్రం అందరూ ఏడాది మానరు. అతను మానాడు. కొరివి పెట్టలేనివాణ్ణి, ఇదైనా చెయ్యకపోతే ఎట్లా అన్నాడు.

మరి రుచి చూడని వంటవాడు అంగడి ఎట్లా నడుపుతాడు? ఒక సాయంత్రం పుష్పలత ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“దీదీ, అమ్మ రుచి ఇప్పుడు రెండు నాలుకల మీదే ఉంది. నాది కట్టేసుకున్నాను. ఏడాది నువ్వు కాపాడి నాకు ఇయ్యి.”

ఆమె కళ్లు తుడుచుకుని సరేనంది. కన్నీళ్ల మీద మాట ఇవ్వడం ఎంత తేలికో చూడండి.

మొదట్లో ఒళ్లు దగ్గర పెట్టుకునే చేసింది. మాంసం కాల్చడం, కొయ్యడం హీరాకాజి చేసేవాడు. నూనె మరిగే వేళకు, వాసనకు నోరూరుతుందని, బయటికెళ్లి గరాజ్ దగ్గర చలిలో నిలబడేవాడు. ఒక శుక్రవారం మెంతులు ఎర్రబడ్డాయి, ఇంకాస్త రంగు తిరిగాయి, మాడు వాసన కొట్టింది. అంతే, ఆమె చెయ్యి దానంతటదే పొయ్యి ఆపేసింది. ఏం చేస్తుంది పాపం! మెంతులు మాడ్చిన కోడలిని మన ఇళ్లలో అత్తలు బతకనిస్తారా? ఇరవై ఏళ్ల అలవాటు అది. రుచి చూసింది, బాగానే ఉంది.

తర్వాత తిమూర్ కాస్త తగ్గింది, సంతకొచ్చే పిల్లలు నాలుక మంటంటున్నారని. తర్వాత ధనియాల పొడి పడింది. చిటికెడే కదా అనుకుంది. మరో వారం ఇంకో చిటికెడు. ప్రతిసారీ పోయిన వారం రుచితో పోల్చుకుందే గానీ, ముసలమ్మ ఉన్నప్పటి రుచిని తలుచుకోలేదు.

డేరా ముందు కొనేవాళ్ల వరస పెరిగింది. దూరంగా ఉండే బోటనీ డౌన్స్ పేట నుంచి తెలుగువాళ్లు కార్లు వేసుకుని రాసాగారు. మొదట్లో ఆ మాడు కంపు నాకొద్దని ముక్కు మూసుకున్న శ్రీపతి కూడా ప్లేటు నాకేశాడు.

“ఇప్పుడు ఒప్పుకుంటనే. అచ్చం మన ఇంట్ల కూర లెక్కనే అయింది” అన్నాడు.

ఆ మాటకు ఆమె పొంగిపోయింది. గుండె జారాల్సిన చోట మురిసిపోయింది, పిచ్చిది. ప్రతి వారం వచ్చే నేపాలీ కుర్రాళ్లు రావడం మానేస్తే పరీక్షలేమో, వానలేమో అనుకుంది.

ఏడాది నిండింది. ఫోన్‌లో పంతులు మంత్రాలు చదువుతుంటే హీరాకాజి కర్మ ముగించి తెలుపు విడిచాడు. శనివారం పొద్దున నీలం చొక్కా తొడుక్కుని సంతకు వచ్చాడు. డేరా మీద వాన పడుతోంది. పుష్పలత అటుకులు, చోయిలా పెట్టి ప్లేటు చేతికిచ్చింది. తొలి ముద్ద తల్లికని పక్కన పెట్టి, రెండోది నోట్లో పెట్టుకున్నాడు.

మెల్లగా నమిలాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. ఈసారి అటుకులు లేకుండా మాంసం ఒక్కటే. తల ఎత్తాడు. జాతరలో అమ్మ చెయ్యి వదిలిన పిల్లాడి ముఖం అది.

“దీదీ, అమ్మది ఇట్లాగే ఉండేదా?”

పరాచికమేమో అనుకుంది ఒక్క క్షణం. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. తేడా తన నాలుకదో వంటదో అతనికి తెలియడం లేదు. ఇట్లనే ఉండె అని ఒక్క మాట అంటే నమ్మేస్తాడు, కథ ముగిసిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. ఎర్రగా వేగిన మెంతులు, ధనియాలు. జగిత్యాల వంటిల్లు, అత్తగారు. కళ్లు మూసుకుంటే ముసలమ్మ చెయ్యి కనిపించింది గానీ ఆ రుచి రాలేదు.

“కాదు తమ్మీ. నేనే మార్చేసిన. తెల్వకుండనే మార్చేసిన. అప్పటిది ఎట్లుండెనో నాకు గూడ యాదికొస్తలేదు.”

తిడితే బాగుండుననుకుంది. అతను తిట్టలేదు. ప్లేటు పక్కన పెట్టి పొయ్యి వెలిగించాడు. ఆవనూనె పోసి, కాగినాక గుప్పెడు మెంతులు వేశాడు. ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, పొగ లేచింది. అలవాటుగా జేబులోంచి ఫోన్ తీసి మూకుడు మీద పట్టాడు. పట్టాక గుర్తొచ్చింది కాబోలు, ఫోన్ దించి పుష్పలత వైపు తిరిగాడు.

“ఇంకానా దీదీ? చాలా?”

పుష్పలతకు ఏడుపు వచ్చింది. తెలిస్తే కదా చెప్పడానికి. ఇద్దరూ చూస్తుండగానే మెంతులు బొగ్గయ్యాయి. బయట గొడుగు పట్టుకుని నిలబడ్డ ఒకామె, రెండు ప్లేట్లు మోమోలు ఇమ్మని అడిగింది.