కడుపులో తూటా ఎవరిది

పెద్దిరాజు తుపాకి పట్టుకుంటే, కాగే నూనెలోంచి బజ్జీని వేళ్లతో తీస్తున్నట్టుండేది. అలాంటి మనిషికి జింకను కొట్టే పని అప్పజెప్పారు. ఆ జింక మీద నా లీవు ఆధారపడింది. ఇంతకంటే దరిద్రం ఇంకేముంటుంది?

డెబ్బై తొమ్మిదో సంవత్సరం మాట. అల్ ఐన్‌లో ఒక అరబ్బు ముసలాయన ఖర్జూరపు తోటలో నేను నీటి పంపులు చూసేవాణ్ణి. ఆయన్ని అందరం అర్బాబ్ అనేవాళ్లం, యజమాని అని. పెద్దిరాజు ఆ తోటకు ముదీర్, అంటే మేనేజరు. గోదావరి జిల్లావాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆ రెండు పెన్నుల్లో ఒక్కటీ నా కాగితం మీద కదిలేది కాదు.

నా మూడేళ్ల కాంట్రాక్టు అయిపోయి నాలుగు నెలలైంది. లీవు కాగితం మీద ముదీర్ సంతకం పడితే పాస్‌పోర్టు చేతికొస్తుంది, రెండు నెలలు ఇంటికి పోవచ్చు. నేను దుబాయ్ విమానం ఎక్కేనాటికి నా భార్య భూమవ్వకు ఐదో నెల. ఆడపిల్ల పుట్టిందని, మా అమ్మ పేరే బాలవ్వ అని పెట్టామని ఉత్తరం వచ్చింది. పిల్ల నడవడం, మాట్లాడడం, అన్నీ ఉత్తరాల్లోనే జరిగిపోయాయి. నేనేమో వారానికోసారి ఆఫీసు గుమ్మంలో నిలబడి అడుక్కునేవాణ్ణి.

"ఏవోయ్ పోశయ్యా, పిల్లెక్కడికీ పారిపోదులే. కాయ కోతయ్యాక చూద్దాం" అనేవాడు పెద్దిరాజు, తలెత్తకుండా.

కాయ కోత అయిపోయింది. అయినా చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఒకడి బతుకు మన సొరుగులో ఇరుక్కుని విలవిల్లాడుతుంటే చూడ్డం కొందరికి భోజనం తర్వాత తాంబూలం లాంటిది.

అర్బాబ్ సంగతి వేరు. ఆ రోజుల్లో ఇంకా వేట నిషేధం రాలేదు. కుర్రకారు జీపుల్లో జింకల వెంటపడి, అవి నోట నురగ కక్కి పడిపోయేదాకా తరిమి, రైఫిళ్లతో గుంపులు గుంపులు కొట్టేవారు. అర్బాబ్ ఆ జీపుల దుమ్ము కనిపిస్తే ఉమ్మేసేవాడు. ఆయన దగ్గర పొడుగు గొట్టం రివాల్వర్ ఒకటే ఉండేది. దానితోనే వేట. అది దూరం కొట్టదు, అందుకే అది మంచిది అనేవాడు. నలభై అంగల లోపలికి పాకి వెళ్లగలిగినవాడికే జింక. నేల మీద కూర్చోవాలి, రెండు మోచేతులు మోకాళ్ల మీద ఆనించాలి, రెండు చేతులతో పట్టాలి. జింక పక్కకు తిరిగి నిలబడాలి. ముందుకాలి జబ్బ వెనక గుండె ఉంటుంది, అక్కడే కొట్టాలి. దాని వెనక ఇసుక దిబ్బ ఉండాలి, ఒంటెగానీ గుడారంగానీ ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంటికి వచ్చి పప్పు తినాలి. మూడు చలికాలాలు ఆయన వెంట తిరిగాను. ఆయన ఐదుసార్లు పేల్చితే ఐదు జింకలు పడ్డాయి. పేల్చకుండా తిరిగొచ్చిన రోజులకు లెక్కలేదు.

నన్నెందుకు తీసుకెళ్లేవాడంటే, ఖానాపూర్ అడవుల్లో మా నాయన దొరల వేటకు అడుగులు చూసి దారి చెప్పేవాడు. గులకరాళ్ల మీద కూడా గిట్ట జాడ పట్టడం నాకు అన్నం కలుపుకున్నంత సులువు. ఖాళీ రోజుల్లో అర్బాబ్ నా చేతికి రివాల్వర్ ఇచ్చి పాలపొడి డబ్బాలు కొట్టించేవాడు. బాగా కొడితే "జైన్" అనేవాడు. అదే ఆయన మెచ్చుకోలు.

ఆ చలికాలం ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. అదే సమయానికి ఆయన అన్న అబుదాబి నుంచి వస్తున్నాడు. అన్నకు జింక మాంసంతో అన్నం పెట్టాలి. తోటలో అందరి ముందూ ఆ మాట అన్నాడో లేదో, పెద్దిరాజు ముందుకు దూకాడు. వాళ్ల తాత జమీందారు బంట్రోతుతో కలిసి వేటాడాడట, ఈయన పన్నెండో ఏటనే కృష్ణజింకను కొట్టాడట. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు కదా, అచ్చం అదే బాపతు. కానీ చదువుకున్నవాడి కోతలు ఏ దేశంలోనైనా చెల్లుతాయి. అర్బాబ్ నమ్మి రివాల్వర్ ఇచ్చాడు. జాడ తీయడానికి నన్ను, జిబా చేయడానికి డ్రైవర్ సనావుల్లాను వెంట పొమ్మన్నాడు. పేల్చేవాడు ముసల్మాను కానప్పుడు, జింక ప్రాణంతో ఉండగానే సనావుల్లా బిస్మిల్లా చెప్పి గొంతు కోయాలి. లేకపోతే ఆ మాంసం వాళ్లకు హరాం, ముట్టరు.

బయల్దేరే ముందు పెద్దిరాజు నన్ను పక్కకు పిలిచాడు. "జింక పళ్లెంలోకొస్తే నీ కాగితం మీద సంతకం. రాకపోతే ఇంకో ఏడాది పంపులు తిప్పుకో."

తెల్లవారుతుండగా కొండ దిగువన జమ్మిచెట్ల దగ్గర మూడు జింకలు కనిపించాయి. గాలి మా వైపే కొడుతోంది. మధ్యలో చిన్న వాగు ఒడ్డు, చాటుగా పాకడానికి దేవుడు తవ్వి పెట్టినట్టుంది.

"సార్, బండి ఈడ్నే ఆపుండ్రి. దిగి పాక్కుంట పోదాం. అవి కదలయి" అన్నాను.

పెద్దిరాజు ఒకసారి తన ప్యాంటు చూసుకున్నాడు, ఒకసారి నేల చూశాడు. "పాకడవేంటోయ్, బల్లులమా? సనావుల్లా, పోనీయ్."

సనావుల్లా నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? బండి ఉరికింది, జింకలు ఉరికాయి. ఆ మహానుభావుడు ఎగిరెగిరి పడుతున్న పికప్ కిటికీలోంచి ఒంటిచేత్తో, కళ్లు మూసుకుని పేల్చాడు. కళ్లు మూసుకోవడం నేను స్వయంగా చూశాను. గుడ్డిదెబ్బ తగలనే తగిలింది. కొమ్ములున్న మగజింక నడుము వంచి, గెంతి, వాగులోని బండల్లోకి దూరిపోయింది. తగిలింది కడుపులో. నడుము వంచిందంటే కడుపే, మా నాయన వేయిసార్లు చెప్పాడు.

"చూశావా?" అన్నాడు పెద్దిరాజు, ముఖం చాటంత చేసుకుని.

చూడకేం. వెంటనే పికప్ ఇసుకలో కూరుకుపోయింది. వెనక చక్రాలు సగందాకా దిగాయి.

"అది పోతే పోనీయ్. బండి తీసి ఇంకోటి కొడదాం" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "దెబ్బ తగిలినదాన్ని ఇడిసిపెట్టి ఇంకోదాన్ని కొట్టుడేంది సార్? గది మనుషులు చేసే పనేనా? నేను పోత."

"పోతే పో" అని రివాల్వర్ నా చేతిలో పెట్టాడు. ఎండ ఎక్కుతోంది, ఆయన నడవలేడు. అదీ ఆయన దయ.

సనావుల్లా పార పట్టుకుని ఇసుక తవ్వుతున్నాడు. నిజామాబాద్ వాడు, నెమ్మదస్తుడు. "పోశయ్య భాయ్, జిందాగా దొరికితే ఎత్తుకొని రా. మర్ గయా తో అంతా బర్బాద్. నీ లీవు భీ" అన్నాడు.

గంట నడిచాను. రక్తం ముదురు రంగులో, మధ్యలో నమిలిన ఆకు పసరుతో చుక్కలు చుక్కలుగా ఉంది. ఒక ముళ్లపొద దగ్గర చాలా పడింది. దాని అవతల బండ నీడలో జింక కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. లేస్తే పేగులు ముళ్లకు చుట్టుకున్నాయి. రెండు కాకులు అప్పటికే దగ్గర్లో దిగి కాచుకున్నాయి.

నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. ముందు లీవే గుర్తొచ్చింది. తువ్వాలు విప్పి దాని కడుపుకు చుట్టి, ఎత్తి భుజాన వేసుకున్నాను. పెద్ద బరువేం కాదు. పది అడుగులు వేశానో లేదో అది అరిచింది. జింక అరుపు ఎప్పుడైనా విన్నారా? చిన్నపిల్లకు జ్వరం కాస్తే రాగం తీసినట్టుంటుంది. ఇంకా గంట నడవాలి, ప్రతి అడుగుకూ ఆ అరుపు వినాలి. పోయి సనావుల్లాను తెచ్చేసరికి రెండు గంటలు, ఆలోగా కాకులు కళ్లు పొడుస్తాయి. పెద్దిరాజుకు జింక కావాలి, నాకు సంతకం కావాలి, మధ్యలో దాని పేగులేం చేశాయి?

దింపేశాను. అది పడుకున్న చోట వెనక బండ ఉంది, తూటా తిరిగి ఎటైనా ఎగరొచ్చు. అందుకని అది బెదరకుండా రాళ్ల మీద మోచేతులతో పాకుతూ చుట్టూ తిరిగి, దాని వెనక ఇసుక ఒడ్డు వచ్చేదాకా జరిగాను. పది అంగల దూరంలో కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి సగం వదిలి, చెవి వెనక కొట్టాను. కాలు కూడా తన్నుకోలేదు. తర్వాత బిడ్డ గుర్తొచ్చి కూలబడి ఏడ్చాను. కాకులను రాళ్లతో కొట్టాను.

బండి దగ్గరికి తెచ్చేసరికి పెద్దిరాజు ముఖం మాడిపోయింది. నా చేతిలోంచి రివాల్వర్ లాక్కుని నడుముకు దోపుకున్నాడు. సనావుల్లాతో, "ఇప్పుడు గొంతు కోసెయ్. ముసలాడికేం తెలుస్తుంది?" అన్నాడు.

సనావుల్లా కత్తి సీటు కింద పెట్టేశాడు. "ఆయనకు తెల్వదు సార్, పైనోనికి తెలుసు. నాతోటి గాదు" అన్నాడు. ఎప్పుడూ గొంతెత్తనివాడు ఆ మాట అనేసరికి పెద్దిరాజు పోయి బండిలో కూర్చున్నాడు.

దారిలో నాతో కొత్త బేరం పెట్టాడు. "సరే, హరాం అయింది, తిడతాడు. ఆ కడుపు దెబ్బ మాత్రం నీదని చెప్పు. చెవి వెనకది నాది. రేపు పొద్దున్నే సంతకం పెడతా. పాస్‌పోర్టు, టిక్కెట్టు, అన్నీ. ఈ నెలలోనే నీ కూతుర్ని చూస్తావు" అన్నాడు.

నేను సరేనన్నాను. అవును, సరే అన్నాను. బిడ్డ కోసం ఎవడైనా అంటాడు.

సాయంత్రం తోటలో గోనెసంచి మీద జింకను పెట్టాం. సనావుల్లా జిబా చేయలేదని చెప్పేశాడు. అర్బాబ్ పెద్దగా కోపం తెచ్చుకోలేదు. నసీబ్, అన్నకు మేకను కోద్దాం అన్నాడు. ఆపైన వణికే చేత్తో జింకను అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవి వెనక ఒక్క రంధ్రం. కడుపు దగ్గర నా తువ్వాలు విప్పాడు. ఆయన ముఖం మారిపోయింది.

"యే కౌన్ మారా?" అన్నాడు, దీన్ని ఎవరు కొట్టారని.

పెద్దిరాజు గొంతు సవరించుకున్నాడు. "పోశయ్య, అర్బాబ్. తొందరపడ్డాడు. నేను వద్దంటున్నా వినకుండా బండిలోంచి పేల్చాడు. పాపం, దాని బాధ చూడలేక నేనే దగ్గరికి పాకి, చెవి వెనక కొట్టి బాధ తీర్చాను" అని హిందీలో వర్ణించి చెప్పాడు. పాకాడట! ఆ ప్యాంటు మీద ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

అర్బాబ్ నా వైపు తిరిగాడు. మూడు చలికాలాలు నాకు పాలడబ్బాలు కొట్టడం నేర్పిన మనిషి, నన్ను చూసి నేల మీద ఉమ్మాడు.

తల వంచుకుని ఉంటే అయిపోయేది. రెండు నిమిషాలు. రేపు సంతకం, ఈ నెలలో ఇల్లు.

"పేట్‌వాలా ఉన్‌కా హై, అర్బాబ్. కాన్‌వాలా మేరా" అన్నాను. కడుపులోది ఆయనది, చెవి వెనకది నాది.

అర్బాబ్ పెద్దిరాజు బూట్లు చూశాడు, నా మోచేతుల మీద గీరుకుపోయిన తోలు చూశాడు. "ఎన్ని అంగలు?" అని నన్నే అడిగాడు. పది అన్నాను. "జైన్" అన్నాడు. పెద్దిరాజు నడుముకున్న రివాల్వర్ లాగేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎన్నడూ అతని చేతికి ఇవ్వలేదు.

అంతే. ముసలాయన న్యాయం అంతవరకే. మర్నాడు పెద్దిరాజు నా కళ్లముందే నా కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. నేను అర్బాబ్ కాళ్ల దగ్గర కూర్చుని సంగతి చెప్పాను. "కాగితాలు ముదీర్ పని. యల్లా, పంపు చూసుకో" అన్నాడు. తూటాలు ఎవరివో చిటికెలో చెప్పగల మనిషికి, ఆ ముక్కలు ఎవరివో తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు. నలభై అంగల నీతి జింకలకే గాని, మాకు కాదు.

లీవు పద్నాలుగు నెలల తర్వాత దొరికింది. ఇంటికి పోయేసరికి బాలవ్వకు నాలుగేళ్లు దాటాయి. నన్ను చూసి తల్లి చీర వెనక దాక్కుంది. అన్నాలు తిన్నాక భూమవ్వకు ఈ కథంతా చెప్పాను. ఇసుక ఒడ్డు కోసం చుట్టూ తిరగడం, పది అంగలు, జైన్, అన్నీ. నా అంత మొనగాడు లేడన్నట్టే చెప్పాను.

ఆమె ఎంగిలి కంచాలు తీస్తూ అంతా విన్నది. "నేనే కొట్టిన అని ఒక్క మాట అంటే ఏం పోతుండె?" అంది.

"ఇజ్జత్ పోతుండె."

"ఎవల ముంగట? నీ కాగితం సంగతి ఒక్కనాడన్న అడుగని ముసలోని ముంగటనా?"

నాకు పౌరుషం వచ్చి లేచి నిలబడ్డాను. బాలవ్వ తల్లి చెంగు పట్టుకుని నన్నే చూస్తోంది.

"అవ్వా, ఈయన ఎప్పుడు పోతడు?" అని తల్లిని అడిగింది.

"రెండు నెలలకు" అంది భూమవ్వ.