పొదుగు మీది మచ్చల కోడి

అత్త తన మచ్చల వెండా జాతి కోడిని పెంచుకోమని చిన్నకోడలు రోఫివాకు ఇచ్చింది. పెద్దకోడలు న్యెలిసానీ కడుపులో అగ్గి రాజుకుంది. ఎందుకు రాజుకోదు? ఆ ఇంటి మొక్కజొన్నంతా దంచింది ఆమె. మామ చావుకు ఊరందరికీ వండింది ఆమె. కోడి మాత్రం నిన్న కాక మొన్న వచ్చినదానికి! అదీ మామూలు కోడా? దాణా అడగదు, చెదలు తవ్వుకు తింటుంది, గద్ద మీదికే ఎగురుతుంది.

కోడి పొదుగుకు కూర్చుంది. రోఫివా ఏటికి వెళ్లిన పూట న్యెలిసానీ దాని గుడ్లన్నీ తీసి, దుకాణంలో కొన్న కంపెనీ గుడ్లు పెట్టింది. అసలు గుడ్లను పొదుగు మీదున్న తన ఎర్రకోడి కింద సర్దింది. పుంజు మొహం చూడని కోళ్ల గుడ్లు ఏం పిల్లలవుతాయి?

ఎర్రకోడి కింద పిల్లలు లేచాయి. అవతల మచ్చల కోడి మాత్రం పగలని గుడ్ల మీంచి లేవలేదు. మేత లేదు, నీళ్లు లేవు, రొమ్మెముక పొడుచుకొచ్చింది.

"నా చెయ్యే మంచిది కాదేమో అక్కా," అని రోఫివా ఏడ్చింది.

"నువ్వు పట్టిందల్లా బంగారమని అత్త నమ్మిందిగా! ఏమైందిప్పుడు?" అంది న్యెలిసానీ. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో!

మర్నాడు అత్త వచ్చింది. ఎర్రకోడి వెనక మచ్చల పిల్లల్ని చూసి నిలబడిపోయింది.

"ఎర్రదానికి ఈ మచ్చలెక్కడివే?"

న్యెలిసానీ ఆ నెపం ఊరి పుంజు మీదికి తోసేయొచ్చు. కానీ అత్త రోఫివాను వెంటబెట్టుకుని పొదుగు దగ్గరికి నడిచి మచ్చల కోడిని ఎత్తింది. దాని మెడ వాలిపోయింది. "ఇది చస్తోందే," అంది. ఆ కోడి చస్తే ఇక ఎవరికీ దక్కదు, న్యెలిసానీకీ దక్కదు. ఆమె తమ వాళ్లలో పెద్దల ముందు కోడళ్లు వాలినట్టే నేల మీద పక్కకు వాలి, చేతులు జోడించింది.

"గుడ్లు నేనే మార్చానత్తా."

లేచి మచ్చల పిల్లల్ని తట్టలో తెచ్చి కోడి కింద వదిలింది. కోడి రెక్కలు విప్పి అన్నిటినీ కప్పుకుంది, గొంతులో కొక్కొక్కమంది. తిట్లు పడతాయని న్యెలిసానీ మళ్లీ నేల మీద వాలి కాచుకుంది.

"చూశావా రోఫివా, ఎంత తల్లో నీ కోడి!" అంది అత్త మురిసిపోతూ.

రోఫివా కళ్లు తుడుచుకుంది. "అడిగుంటే ఇచ్చేసేదాన్ని కదా అక్కా. పిల్లలు పెద్దయ్యాక సగం నువ్వే తీసుకో."

తిట్టినా బాగుండేది. నేల మీదే పడి ఉన్న న్యెలిసానీకి ఆ మంచితనం మీద కూడా కుళ్లొచ్చింది.